డాష్‌క్యామ్ గారికి, గుంతల ఫొటోగ్రాఫర్ గారికి

నా కారు ముందద్దం వెనక, వినాయకుడి బొమ్మకి కాస్త పైన, రోడ్డుని వీడియో తీసే కెమెరాగా కొలువుతీరిన తమరికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం మియాపూర్ సిగ్నల్ దగ్గర తమరేం చేస్తున్నారో తెలుసుకుందామని ఈ ఉత్తరం. నేనైతే ఫస్ట్ గేరులో పాకుతున్నాను. ఎడమ పక్కనుంచి స్కూటీ మీద ఒకడొచ్చి, బంపర్‌కి మోకాలు ఆనించి, పసిపాపని ఉయ్యాల్లో వేసినంత జాగ్రత్తగా తనని తాను రోడ్డు మీద పడుకోబెట్టుకున్నాడు. "కాలు పోయిందన్నా!" ఆ వెంటనే బైకు మీద ఇద్దరు సాక్షులు. "స్టేషన్‌కి పోతే బండి లోపలేస్తరన్నా. ఈడనే పదిహేను వేలిచ్చి పో."

నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. తమరివైపు వేలు చూపించి, "కెమెరా ఉంది తమ్ముడూ, చూద్దామా?" అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. కాలు పోయినవాడు ఆ కాలి మీదే లేచి నిలబడ్డాడు. నోరు మూసుకుని ఉంటే వెళ్లిపోయేవాళ్లే. యాప్ తెరిచాను. తమరి వైఫై దొరికేసరికి పదిమంది మూగారు, వెనక హారన్లు. చివరికి తెర మీద రెండే మాటలు: కార్డ్ ఫుల్.

వాడు మళ్లీ కూర్చున్నాడు.

నాలుగున్నర వేలకి బేరం తెగింది. క్యూఆర్ కోడ్ వాళ్ల దగ్గరే ఉంది, లామినేషన్ చేయించి మరీ.

ఇంటికొచ్చి కార్డు తీసి చూశాను. పాతది చెరిపేసి దాని మీద కొత్తది రాసుకుంటూ పోతారనీ, కుదుపు వస్తే మాత్రం ప్రమాదమని ఆ ముక్క చెరిగిపోకుండా తాళం వేస్తారనీ కొన్నప్పుడు చెప్పారు. హైదరాబాద్‌లో, కుదుపుకి! తాళం వేసినవి 312. అందులో నిజాంపేట రోడ్డు మీద పైపు కోసం తవ్వి వదిలేసిన గుంత ఒక్కటే 41 సార్లు: ఎండలో, వానలో, వినాయక నిమజ్జనం లైట్లలో. మా గేటు ముందు స్పీడ్‌బ్రేకర్ రోజుకి రెండుసార్లు. మా అత్తగారు తలుపు వేసిన పద్ధతికి మూడు. అన్నీ ఘోర ప్రమాదాలే! తాళాలేసి తాళాలేసి 32 జీబీ నింపి, మూడు వారాల కిందటే రాత మానేసి, ఎర్ర లైటు మాత్రం వెలిగించుకుని కూర్చున్నారు. (టింగు టింగుమని గోల చేస్తున్నారని సౌండ్ ఆపేసింది నేనే. ఆ సంగతి ఇక్కడ అనవసరం.)

రష్యాలో తమరి జాతివాళ్లు 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్‌స్క్ ఆకాశంలో దూసుకుపోయిన ఉల్కని పట్టారు. ఉల్కని! తమరికి బంపర్ ముందు తీరిగ్గా పడుకున్నవాడు దొరకలేదు.

దొరికిందల్లా నేను. గుంతలో పడుతూ మేనేజర్‌తో "హాస్పిటల్లో ఉన్నాను సార్" అంటున్న నా గొంతు స్పష్టంగా ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా చెప్పారు. మైకు ఉండి కూడా ఆ మాట తమరి చెవిన పడలేదు.

అప్పుడు సిగ్నల్ దగ్గర, వెనక తెల్ల కారులో తమరిలాంటిదే ఇంకో ఎర్ర లైటు వెలుగుతుంటే వెళ్లి అద్దం తట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, అద్దం పూర్తిగా ఎత్తేసి, సందు దొరగ్గానే వెళ్లిపోయింది. తప్పు పట్టను. నన్నెవరైనా వీడియో అడిగితే ఆ హాస్పిటల్ ముక్క గుర్తొచ్చి నేనూ అంతే చేసేవాణ్ణి.

సాయంత్రం స్టేషన్‌లో "వీడియో ఉందా?" అన్నారు. కోర్టుదాకా వెళ్తే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జత చెయ్యాలి. దేనికి చెయ్యను, గుంతలకా?

ఇంక గారూ లేదు, తమరూ లేదు. 6,499 పోసి కొన్నాను రా నిన్ను! కార్డు వేరే, వైరు దాచినందుకు 500 వేరే. రాత్రి పీకి పారేద్దామని పట్టి లాగాను. స్టిక్కర్ ఊడలేదు. నీలో పనిచేసేది అదొక్కటే.

సరే అని కార్డు మొత్తం ఫార్మాట్ చేశాను. కుదుపు పట్టే సెన్సర్‌ని తక్కువకి, అంటే 'లో'కి మార్చాను. సౌండ్ కూడా మళ్లీ పెట్టాను.

ఈ పొద్దున గేటు దాటానో లేదో, స్పీడ్‌బ్రేకర్ మీద టింగుమన్నావు. తాళం నంబర్ 1.

ఇట్లు,
నీ ప్రధాన ముద్దాయి