క్రియ చివరన వస్తుందట, గుండె చిక్కబట్టుకోండి!

ఒక జపనీస్ కోచింగ్ మాస్టారు వీడియోలో బోర్డు మీద స్కేలుతో కొట్టి మరీ హెచ్చరించారు: "గైస్, జపనీస్‌లో వెర్బ్ చివర్లో వస్తుంది. మొదట్లో వింతగానే ఉంటుంది, భయపడొద్దు." వెర్బును చివర్లో పెట్టే ఈ మాటలన్నీ అన్నారు. ఆయనేమీ భయపడినట్టు లేదు.

పుట్టినప్పటి నుంచీ "నేను అన్నం తింటాను" అంటున్న పిల్లలకు ముందు "ఐ ఈట్ రైస్" అప్పజెప్పించి, దాన్ని తిరగేయించి "వతషి వా గోహన్ ఓ తబెమాసు" అనిపిస్తారు. తిరగేసినందుకు ఫీజు. మనం 'కు' అనేచోట చాలాసార్లు వాళ్లకు 'ని', 'లో' అనేచోట 'దె'. ఇంటి పక్కనున్న కొట్టుకు అమెరికా మీదుగా వెళ్లడమంటే ఇదే.

ఇక పాఠంలోని సంభాషణ చూడండి. సూటూ బూటూ వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు "హాజిమెమాషితె" అని నడుములు వంచుకున్నారు, పేర్లు చెప్పుకున్నారు. అంతటితో ఊరుకోవచ్చుగా? ఒకాయన పెన్సిలు పైకెత్తి "కోరె వా పెన్ దెసు కా?" ఇది పెన్నా అని అడుగుతాడు. రెండో ఆయనకు నవ్వు రాదు. "ఈయె, ఎన్‌పిత్సు దెసు." కాదు, పెన్సిలు. మొదటాయన "ఆ, సో దెసు కా!" అని బోధివృక్షం కింద లేచినంత తేజస్సుతో తలూపుతాడు. తర్వాత కిటికీలోంచి వేలు చూపి "ఆరె వా?" అది బ్యాంకు. వీళ్లను ఉద్యోగంలో ఎవరు పెట్టుకున్నారో!

2019 ఏప్రిల్ నుంచి జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా ఇస్తోంది. ముసలివాళ్లను చూసుకునే పనికీ ఇస్తుంది. అందుకు జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 అనే స్థాయి గానీ, జెఎఫ్‌టి బేసిక్ అనే ఇంకో భాషా పరీక్ష గానీ పాసవ్వాలి, దాంతోపాటు కేర్ పనికి విడిగా జపనీస్ పరీక్ష: 30 నిమిషాలు, 15 ప్రశ్నలు. దేంట్లోనూ నోరు మెదపక్కర్లేదు. కోచింగ్ వాళ్లకు పండగే. ఆప్షన్లలో సరైనదానికి టిక్కు పెట్టడం నేర్పిస్తే చాలు.

తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన పిల్ల రేపు అక్కడ రాత్రి డ్యూటీలో ఉంటుంది. మంచం మీది అవ్వ "ఇతాయ్, ఇతాయ్" అని మూలుగుతుంది. నొప్పి. ఆప్షన్లు ఉండవక్కడ. "దోకో గా ఇతాయ్ దెసు కా?" అనాలి. 'ఎక్కడ నొప్పి' అన్న మన వరసే, ఐదు నిమిషాల పాఠం. పది మంది చేత పదేసిసార్లు పైకి అనిపించడానికి మీకేం రోగం? సిగ్గులేదూ? అడిగితే, మాట్లాడ్డం అక్కడికెళ్లాక అదే వస్తుందంటారు.

రాదయ్యా. ఆ ముసలావిడ మీ పిల్లల ప్రాక్టీసు కోసం మంచాన పడలేదు.