చాట్‌బాట్ తప్పు చెబితే బాధ్యత ఎవరిది?

ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు లేని కుటుంబాలకు ఏఐ చాట్‌బాట్ చేస్తున్న మేలు చిన్నదేమీ కాదు. బ్యాంకు పంపిన నోటీసు, ఆరోగ్య బీమా పాలసీలో చిన్న అక్షరాల షరతులు, ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ... ఇలాంటివి ఇంతకాలం తెలిసినవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి, వాళ్లకు తీరిక దొరికేదాకా ఆగి చదివించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి, ఇందులో ఏముందో తెలుగులో చెప్పమంటే చాలు. సమాచార హక్కు దరఖాస్తు రాసిపెడుతుంది. పిల్లల లెక్కల్లో అర్థంకాని మెట్టును విడమరచి చెబుతుంది. మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోదు. ఆఫీసు కౌంటర్ల దగ్గర చీవాట్లు తిన్నవాళ్లకు ఆ ఒక్క గుణం ఎంత విలువైనదో తెలుసు.

తెలుగు విషయంలో మెరుగుదల కూడా నిజమే. చాట్‌బాట్ల వెనకున్న ఏఐ మోడళ్లు వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి. ముక్కలు పెరిగేకొద్దీ ఖర్చూ, ఆలస్యమూ పెరుగుతాయి. 2024 మే నెలలో జీపీటీ-4ఓ అనే మోడల్‌ను విడుదల చేస్తూ చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ ఒక ఉదాహరణ చూపించింది. ఇంగ్లిష్‌లో 27 టోకెన్లు పట్టే ఒక చిన్న పరిచయానికి తెలుగులో 159 పట్టేవి. కొత్త పద్ధతిలో తెలుగుకు 45, ఇంగ్లిష్‌కు 24 అయ్యాయి. తేడా బాగా తగ్గింది, కానీ పోలేదు.

నన్ను కలవరపెట్టేది ఈ తేడా కాదు. చాట్‌బాట్ తెలిసిన విషయాన్నీ, తెలియని విషయాన్నీ ఒకే ధీమాతో చెబుతుంది. అది మాట పక్కన ఏ మాట వస్తే కుదురుతుందో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. ఆ వాక్యం నిజమా కాదా అన్నది వేరే సంగతి. భూమి కాగితాల సంగతే తీసుకోండి. ఆంధ్రలో అడంగల్ అనేదాన్ని తెలంగాణలో పహాణీ అంటారు. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పాత సమాచారంతో నేర్చుకున్న మోడల్ ధరణి నాటి పద్ధతినే చక్కని తెలుగులో చెప్పేయగలదు, ఒక రాష్ట్రం నిబంధనను ఇంకో రాష్ట్రానికి అంటగట్టగలదు. భాష అంత శుభ్రంగా ఉంటే రైతుకు అనుమానం ఎందుకు వస్తుంది?

చదువుకున్నవాళ్లే బోల్తాపడ్డారు. చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు న్యూయార్క్‌లో లాయర్లకు 2023లో 5,000 డాలర్ల జరిమానా పడింది. అమెరికాలోనే 60 ఏళ్ల వ్యక్తి ఒకాయన చాట్‌జీపీటీని సంప్రదించాక, ఉప్పు బదులు సోడియం బ్రోమైడ్ వాడి విషప్రభావంతో ఆసుపత్రి పాలయ్యాడు. 2025లో ఒక వైద్య పత్రిక ఆ కేసును ప్రచురించింది.

ఆ లాయర్లకు అసలు తీర్పులు వెతుక్కునే దారి ఉంది, వాళ్లు వెతకలేదు. మన దగ్గర చాట్‌బాట్ మీద ఎక్కువగా ఆధారపడేది ఆ దారి లేనివాళ్లు. లాయరు ఫీజు కట్టలేక, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒక రోజు కూలి పోగొట్టుకోలేక ఫోన్‌ను అడుగుతున్నవాళ్లు. 'జవాబులో తప్పులుండొచ్చు, సరిచూసుకోండి' అని స్క్రీన్ అడుగున ఒక లైను రాసి కంపెనీలు చేతులు దులుపుకోవడం అందుకే అన్యాయం. సరిచూసుకోగలిగితే ఆ మనిషి దాన్ని అడిగేవాడే కాదు.

గోప్యత గురించి కూడా ఒక మాట. డాక్టరుతోనో, లాయరుతోనో మాట్లాడిన మాటలకు చట్టం ఇచ్చే రక్షణ చాట్‌జీపీటీతో మాట్లాడిన వాటికి లేదని ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మనే 2025 జులైలో చెప్పారు. ఇంటి గొడవలు, జబ్బులు, అప్పులు అందులో టైప్ చేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

బాధ్యత విషయంలో కెనడాలో ఒక దారి కనిపించింది. కుటుంబంలో మరణం సంభవించి ప్రయాణించేవారికిచ్చే తగ్గింపును ప్రయాణం తర్వాత కూడా కోరవచ్చని విమాన సంస్థ ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి చెప్పింది. అసలు నిబంధన అందుకు ఒప్పుకోదు. చాట్‌బాట్ మాటలకు తమది బాధ్యత కాదని సంస్థ వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదనను కొట్టేసి పరిహారం కట్టమంది. వెబ్‌సైట్‌లో ఏ మూల ఉన్న సమాచారానికైనా సంస్థే జవాబుదారీ అని తేల్చింది.

మన దగ్గరా బ్యాంకులు, బీమా కంపెనీలు కస్టమర్ కేర్‌లో మనుషుల బదులు బాట్లను పెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలుపెట్టింది. మొదలైనప్పుడు అందులో ఆప్షన్లు ఎంచుకుంటూ వెళ్తే సేవ అందేది కాబట్టి కల్పనకు చోటు తక్కువ. రేపు ఇలాంటి చోట్ల కూడా స్వేచ్ఛగా మాట్లాడే ఏఐ వస్తుంది, రావాలి కూడా. అయితే సంస్థ బాట్ తెలుగులో ఇచ్చిన జవాబును ఆ సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన మాటగానే లెక్కగట్టాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద స్పష్టమైన నిబంధన ముందే పెట్టాలి. ఆ చాట్ కాపీ తేదీతో సహా కస్టమర్ చేతికి రావాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి.