బస్తాలు వెనక డోర్ దగ్గర కాదు

ఖాళీ పికప్ జారకుండా వెనక డోర్ దగ్గర ఇసుక బస్తాలు వేయమని వ్యాసంలో రాశారు. బస్తాలు మంచిదే, చోటే తప్పు. బరువు వెనక చక్రాల యాక్సిల్ (ఇరుసు) దాటి వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతది. యూరియా సంచుల్లో ఇసుక నింపి నాలుగు బస్తాలు సరిగ్గా యాక్సిల్ మీదికి, కొంచెం క్యాబిన్ వైపుకు పెట్టి, తాడుతో గట్టిగా కట్టాలి. లేకుంటే బ్రేక్ కొట్టినప్పుడు ముందుకు దూసుకొస్తయి.

టైర్ల గాలి సంగతి అసలు రాయనేలేదు! లోడ్ కోసం కొట్టించిన గాలితో ఖాళీగా తిరిగితే టైరు నడిమి భాగమే నేలకు ఆనుతది. కంపెనీ ఖాళీ బండికి చెప్పినంతకు తగ్గించండి, లోడ్ ఎక్కించే ముందు మళ్లీ నింపండి.

మిర్యాలగూడ పొలాల బాటల్లో నల్లరేగడి టైరు గాళ్లల్ల నిండితే కొత్త టైరైనా నున్నగైతది. అప్పుడు రేస్ చేస్తే గుంత పడి యాక్సిల్ నేలకు కూర్చుంటది. ఆపి, గాళ్లు గీకి, ఒక బస్తా ఇసుక చక్రాల ముందు పోసి, సెకండ్ గేర్‌లో మెల్లగా క్లచ్ వదలండి.