వాడని అధికారం కూడా అధికారమే

లక్సెంబర్గ్‌లో 2008 చివర్లో కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేసే బిల్లు పార్లమెంటులో తుది ఓటింగుకు వచ్చింది. సరిగ్గా అప్పుడు దేశాధినేత గ్రాండ్ డ్యూక్ హెన్రీ అడ్డం తిరిగారు. తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని, ఆ చట్టానికి ఆమోదం తెలపలేనని చెప్పేశారు. రాజ్యాంగం ప్రకారం ఆయనకు ఆ హక్కు ఉంది. రాజుగారు దాన్ని నిజంగా బయటికి తీస్తారని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ప్రధాని జాన్ క్లాడ్ యుంకర్ పార్టీకి కూడా ఆ బిల్లు ఇష్టం లేదు. రాజును అడ్డం పెట్టుకుని బిల్లును మూలన పడేయడానికి ఆయనకు మంచి అవకాశం దొరికినట్టే. ఆయన ఆ పని చేయలేదు. పార్లమెంటు రాజ్యాంగంలోని 34వ అధికరణాన్ని సవరించి, చట్టాలను 'ఆమోదించే' అధికారాన్ని గ్రాండ్ డ్యూక్ నుంచి తీసేసింది. చట్టాన్ని ప్రకటించే విధి మాత్రం మిగిల్చింది. 2009 మార్చి నాటికి సవరణా పూర్తయింది, చట్టమూ అమల్లోకి వచ్చింది. రాజు గద్దె కదలలేదు, వీధుల్లో గొడవ జరగలేదు.

ఇదే చిక్కు బెల్జియంలో 1990లో వచ్చింది. గర్భస్రావ చట్టంపై సంతకం పెట్టనని రాజు బోడ్వాన్ మొండికేశారు. మంత్రివర్గం ఒక చమత్కారమైన దారి వెతికింది. రాజు పరిపాలించలేని స్థితిలో ఉన్నారని ప్రకటించి, మంత్రులే చట్టంపై సంతకాలు చేసి, రోజున్నరలో పార్లమెంటు ద్వారా ఆయన్ను మళ్లీ రాజుగా నిలబెట్టింది. రాజు మనస్సాక్షీ నిలిచింది, చట్టమూ నిలిచింది. అందరూ మెచ్చుకున్నారు. మాకు మాత్రం అది తెలివైన దాటవేతగానే కనిపిస్తుంది. చట్టాలను ఆమోదించే అధికారం ఇవాళ్టికీ బెల్జియం రాజ్యాంగంలో రాజు పేరిటే ఉంది. రేపు ఇంకో రాజు, ఇంకో మనస్సాక్షి.

యూరప్ నిరంకుశ రాజరికాల చరిత్రను రాజుల డాబు దర్పాల కథగా చదవడం మనకు అలవాటు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, వెర్సాయి ప్యాలెస్, అద్దాల హాలు. 'నేనే రాజ్యం' అని ఆయన అన్నట్టు ఆధారమే లేదు. అంతటి లూయీ కూడా తన శాసనాలను పారిస్ పార్లమా అనే ఉన్నత న్యాయస్థానం రిజిస్టర్లలో నమోదు చేయించాల్సిందే. అభ్యంతరాలు చెప్పాలనుకుంటే ముందు నమోదు చేసి ఆ తర్వాత చెప్పుకోండని 1673లో ఆయన ఆంక్ష పెట్టారు. 1715లో ఆయన కన్నుమూసిన వెంటనే ఆ న్యాయస్థానం తన పాత హక్కును తిరిగి రాబట్టుకుంది.

నిరంకుశత్వాన్ని అక్షరాలా కాగితం మీద పెట్టిన దేశం డెన్మార్క్. స్వీడన్‌తో యుద్ధాల్లో ఖజానా ఖాళీ అయ్యాక, 1660లో కోపెన్‌హాగన్‌లో సభ జరిగింది. పన్ను కట్టని ప్రభువర్గం మీద కసితో పట్టణ వర్తకులు, మతాచార్యులు ఏకమై మూడో ఫ్రెడరిక్‌కు వంశపారంపర్య రాజరికం కట్టబెట్టారు. అప్పటిదాకా ప్రతి రాజూ పట్టాభిషేకానికి ముందు ప్రభువర్గానికి రాసివ్వాల్సిన హామీపత్రం దాంతో రద్దయింది. 1665లో 'రాజ చట్టం' సిద్ధమైంది. రాజు మనుషులు చేసిన చట్టాలన్నిటికీ అతీతుడు, దేవుడొక్కడే ఆయనకు పైవాడు అని అందులో రాశారు. అందులోనూ హద్దులు తప్పలేదు. రాజు లూథరన్ మతం వదలకూడదు, రాజ్యాన్ని ముక్కలు చేయకూడదు, తన అధికారాన్ని తానే తగ్గించుకోకూడదు. ఇంత పెద్ద చట్టాన్ని జనానికి చూపించలేదు. అది అచ్చులోకి వచ్చింది 1709లో.

ఆ చట్టం రాసిన పీడర్ షూమాకర్ రాజుగారి దయతో ప్రభువయ్యాడు, మంత్రాంగమంతా చేతిలోకి తీసుకున్నాడు. 1676లో తర్వాతి రాజు ఆయన్ను అరెస్టు చేయించాడు. మరణశిక్ష పడింది. వధ్యస్థలం దాకా వెళ్లాక శిక్షను జీవిత ఖైదుగా మార్చారు. ఇరవై ఏళ్లకు పైగా జైల్లో గడిపాడు. తాను రాసిన చట్టంలో తనను కాపాడే వాక్యం ఒక్కటీ లేదు.

అసలు లోపం శతాబ్దం తర్వాత బయటపడింది. ఏడో క్రిస్టియన్‌కు మానసిక అనారోగ్యం. సర్వాధికారాలూ ఆయనవే, ఆ అధికారాలు నడిపే స్థితిలో ఆయన లేడు. ఆయన వైద్యుడిగా వచ్చిన జర్మన్ యోహాన్ స్ట్రూయెన్సే మెల్లగా అంతా తానే అయ్యాడు. తన సంతకం ఉన్న ఆదేశం రాజు సంతకంతో సమానమని 1771లో రాజుచేతే రాయించుకున్నాడు. ఏడాదిన్నర కూడా నిండని పాలనలో వెయ్యికి పైగా ఆదేశాలు జారీ చేశాడు. పత్రికలపై సెన్సార్‌షిప్‌ను పూర్తిగా ఎత్తేసిన ఆదేశం 1770లోనే వచ్చింది. పత్రికగా మేం ఆయనకు రుణపడి ఉండాలేమో! కానీ 1772 జనవరిలో ఆస్థానంలోని ప్రత్యర్థులు ఓ రాత్రి రాజు దగ్గరికి వెళ్లి, స్ట్రూయెన్సే అరెస్టుకు అదే రాజుతో సంతకం పెట్టించారు. ఏప్రిల్‌లో తల తీశారు. మంచి సంస్కరణలు, ఘోరమైన మరణశిక్షలు రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి. ఆ కలం పట్టుకున్న చేయి రాజుదే, చేయి పట్టుకున్నవాళ్లు మారారు. నిరంకుశాధికారం రాజు దగ్గర ఉంటుందనుకోవడం పొరపాటు. అది రాజు గదిలోకి వెళ్లగలిగినవాళ్ల దగ్గర ఉంటుంది. 1849 రాజ్యాంగం వచ్చేదాకా డెన్మార్క్ ఆ చట్టంతోనే నెట్టుకొచ్చింది.

బ్రిటన్‌లో చట్టానికి రాజామోదం నిరాకరించడం చివరిసారి 1708లో, రాణి ఆన్ కాలంలో జరిగింది. అంటే ఆ అధికారం చచ్చిపోయినట్టా? పార్లమెంటును వాయిదా వేసే అధికారమూ అలాగే రాజు పేరిట ఉండిపోయింది. దాన్నే 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ బయటికి తీశారు. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగే బ్రెగ్జిట్ గడువు ముంచుకొస్తుంటే ఐదు వారాల వాయిదాకు రాణికి సలహా ఇచ్చారు, రాణి కాదనలేదు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులోని 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. చట్టం ఒప్పుకున్నదానికి మించి రాజుకు ప్రత్యేకాధికారం లేదన్న 17వ శతాబ్దపు తీర్పును ఉదహరించారు. రాజుల దూకుడును ఆపడానికి పుట్టిన సూత్రం ఎన్నికైన ప్రధానిని ఆపడానికి పనికొచ్చింది. అయితే కోర్టుకెళ్లి గెలవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందన్నదే మా ప్రశ్న. రాజుకు మిగిలిన అధికారాలు రాజుకేం ఉపయోగపడవు, ఆయన పేరుతో పనులు చేసుకునే మంత్రులకు ఉపయోగపడతాయి.

లీచెన్‌స్టైన్ సంగతి మరోలా ఉంది. అక్కడ 'ప్రిన్స్' అని పిలిచే దేశాధినేతకు చట్టాలను వీటో చేసే అధికారం గట్టిగానే ఉంది. తన అధికారాలను పెంచే రాజ్యాంగ సవరణ ఓడిపోతే దేశం వదిలి వెళ్లిపోతానని 2003లో రెండో హాన్స్ ఆడమ్ హెచ్చరించారు. రెఫరెండంలో గెలిచారు. వీటోకు కళ్లెం వేద్దామన్న ప్రతిపాదనను 2012లో 76 శాతం ఓటర్లు తిరస్కరించారు. ప్రజలే కోరుకుంటే మధ్యలో మీకెందుకని అడగొచ్చు. నిజమే, రాజరికాన్నే రద్దు చేసుకునే దారినీ 2003 సవరణ ప్రజలకు ఇచ్చింది. కానీ పాలకుడు మూటాముల్లె సర్దుకుంటానని బెదిరించి వేయించుకున్న ఓటును స్వేచ్ఛగా పడ్డ ఓటుగా చూడటం మాకు కష్టం.

యూరప్ రాజుల దగ్గర మిగిలిన ఈ సంతకం మనకు కొత్తదేం కాదు. బ్రిటిష్ పద్ధతి నుంచి మనకు సంక్రమించిన ఆమోదాధికారమే మన రాజ్యాంగం 200వ అధికరణంలో గవర్నర్ల చేతిలో ఉంది. బిల్లులు పెండింగులో ఉండిపోయాయని తెలంగాణ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకెళ్లాల్సి వచ్చింది. ఆ అధికరణంలోని 'వీలైనంత త్వరగా' అన్న మాటకు రాజ్యాంగపరంగా విలువ ఉందని కోర్టు గుర్తుచేసింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టింది. నవంబరులో ఐదుగురి ధర్మాసనం, కోర్టులు గడువులు విధించలేవని, అలాగని గవర్నర్లు బిల్లులు పట్టుకుని ఎడతెగకుండా కూర్చోనూ లేరని అభిప్రాయం చెప్పింది. గడువు పెట్టే పని కోర్టుది కాదని తేలింది కాబట్టి అది ఇక పార్లమెంటుదే. 200వ అధికరణంలో రోజుల లెక్క రాయాలి. కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా ఆ సవరణ తేవాలని మేం కోరుతున్నాం. ఇవాళ గవర్నర్ల ఆలస్యం కలిసొస్తున్న పార్టీలు ముందుకు రావని తెలిసినా సరే.