తిరునాళ్ల గుణదల, విచారణ గుణదల

తెలుగు క్యాథలిక్కులు పారిష్‌ను ‘విచారణ’ అంటారు. దాని బాధ్యత చూసే ఫాదర్‌ను ‘విచారణ గురువు’ అంటారు. ఈ వాడుక తెలియనివారికి ఆ మాట వినగానే పోలీసు స్టేషనో, శాఖాపరమైన విచారణో గుర్తుకు రావచ్చు. నిజానికి అది మన ఇళ్లలోని పాత మాట. చుట్టం గుమ్మం తొక్కితే యోగక్షేమాలు విచారిస్తాం. ఊళ్లో ఒకరికి జబ్బు చేస్తే వెళ్లి విచారించి వస్తాం. ఒక హద్దు లోపల కాపురముంటున్న విశ్వాసుల మంచిచెడ్డలు అడిగి తెలుసుకునే పని ఒక గురువుకు అప్పగించినప్పుడు, ఆ ఏర్పాటుకు ఇంతకన్నా తగిన తెలుగు పేరు దొరకదు. శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, 1983 నాటి చట్ట సంహిత 515వ నిబంధనలో విచారణకు ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే దారిలో ఉంది: మేత్రాసనంలో (ఒక పీఠాధిపతి, అంటే బిషప్, పాలనలోని ప్రాంతంలో) స్థిరంగా ఏర్పడి, ఒక గురువు సంరక్షణలో ఉండే విశ్వాసుల సమాజమే విచారణ. గుడి గోడలు ఆ నిర్వచనంలోకి రావు.

విజయవాడ శివారుగా ఉండి, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన గుణదల చరిత్రను ఈ కొలతతో రాయవలసి ఉంది. ఇంతవరకు మనం రాసుకున్నదంతా పుణ్యక్షేత్రం చరిత్ర. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత తిరునాళ్లు, లక్షల్లో వచ్చే యాత్రికులు, మెట్ల వెంట కొవ్వొత్తులు, తలనీలాలు, కొబ్బరికాయలు, మతం అడగకుండా అందరినీ రానిచ్చే కొండ: ఇవన్నీ నిజం, ఇవన్నీ గొప్పవి. అయితే ఆ మూడు రోజుల వెలుగులో మిగిలిన మూడు వందల అరవై రెండు రోజులు కనిపించకుండా పోయాయి. కొండ కింది సందుల్లో ఏడాది పొడవునా కాపురముండేవారు, ఆదివారం పూజకు పిల్లల్ని నడిపించుకొచ్చేవారు, అక్కడే జ్ఞానస్నానం పొంది అక్కడే మనువాడి అక్కడి నుంచే సమాధుల తోటకు వెళ్లినవారు ఎవరన్నది ఆ కథలో లేదు.

మొదలు తెలిసిందే. ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత దర్శనాలు ప్రారంభమైనది 1858 ఫిబ్రవరి 11న. గుణదల పండుగ ఆ తేదీనే నిలిచింది. కొండ పక్కన సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి రెక్టారుగా ఉన్న ఇటలీ గురువు ఫాదర్ పి. ఆర్లాటి 1925లో కొండ మీది సహజమైన రాతి గూటిలో లూర్దుమాత స్వరూపాన్ని (విగ్రహాన్ని) నిలిపారు. అప్పటికి బెజవాడ ఇంకా హైదరాబాద్ మేత్రాసనం కిందే ఉంది. మిలాన్ నుంచి వచ్చిన పిమే అనే విదేశీ మిషనరీ సభ గురువులు ఈ ప్రాంతంలో పని చేస్తున్నారు. 1937లో బెజవాడ ప్రత్యేక మేత్రాసనమైంది, అదే సభకు చెందిన డొమెనికో గ్రాస్సీ మొదటి పీఠాధిపతి అయ్యారు. కొండ మీదికి జనం రావడం ఆ దశాబ్దాల్లోనే పెరుగుతూ వచ్చింది.

ఈ వరుసలో ఎక్కువమంది దాటిపోయే మాట ఒకటుంది: అనాథాశ్రమం. గుణదలలో స్వరూపం కన్నా ముందు ఉన్నది తల్లిదండ్రులు లేని పిల్లలు. వాళ్లను చూసుకునే గురువే ఆ మాతను అక్కడ నిలబెట్టారు. ఊరి నడిబొడ్డున కాకుండా ఊరికి దూరంగా, కొండ వాలున అనాథాశ్రమం ఎందుకు పెట్టి ఉంటారో ఊహించడం కష్టం కాదు. చాలామంది పిల్లలకు తిండి పెట్టే చోటికి బావి కావాలి, పశువులు కావాలి, నాలుగు ఎకరాలు కావాలి. అవి శివార్లలోనే దొరుకుతాయి. పట్టణానికి అక్కర్లేని అంచు మీద, పట్టణానికి అక్కర్లేని పిల్లలతో ఈ కథ మొదలైందన్న సంగతిని మన తిరునాళ్ల వ్యాసాలు ఒక వాక్యంతో ముగించేస్తాయి. నాకు మాత్రం గుణదలలో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే.

తరువాత పట్టణమే కొండ దగ్గరికి నడిచి వచ్చింది. 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట, 1893లో నది మీద పడిన రైలు వంతెన బెజవాడను నాలుగు దిక్కుల కూడలిగా మార్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, అదే ఏడాది ఏసుసభ (జెసూట్) గురువులు గుణదల కొండకు చేరువలో ఆంధ్ర లొయోలా కళాశాలను స్థాపించారు. 1962లో బెంజి సర్కిల్ వైపు ఆడపిల్లల కోసం మారిస్ స్టెల్లా కళాశాల వచ్చింది. 1960లలోనే ఆటోనగర్ పుట్టింది. లారీల బాడీలు కట్టేవారు, వెల్డింగ్ పనివారు, డ్రైవర్లు, క్లీనర్లు తూర్పు వైపు ఇళ్లు వెతుక్కున్నారు. విజయవాడ 1981లో నగరపాలక సంస్థ అయింది. 1985లో గుణదల, పటమట, భవానీపురం పంచాయతీలను అందులో కలిపేశారు. ఆ రోజుతో కాగితం మీద గుణదల ఊరు ముగిసింది. ఏలూరు రోడ్డు నుంచి కొండ దాకా ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు. ఒకనాడు ఊరి అంచున ఉండేదన్న ఆనవాలు ఎక్కడా మిగల్లేదు.

పంచాయతీ రికార్డులు నగరపాలక సంస్థలో కలిశాయి. విచారణ రికార్డులు మాత్రం అలా కలిసిపోలేదు. 1563లో క్యాథలిక్ పీఠాధిపతుల ట్రెంటు మహాసభ పెళ్లిళ్లు, జ్ఞానస్నానాలు పుస్తకంలో ఎక్కించాలని ఆజ్ఞాపించింది. 1614 నాటి రోమను పూజాక్రమ గ్రంథం మరణాల పుస్తకాన్ని, ఇంటింటా ఎవరెవరు ఉన్నారో రాసే కుటుంబ పుస్తకాన్ని కూడా వాటికి చేర్చింది. ఇప్పటి సంహితలో 535వ నిబంధన ప్రకారం ప్రతి విచారణకూ జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల పుస్తకాలు ఉండి తీరాలి. పాత పుస్తకాలను జాగ్రత్తగా కాపాడాలి. ఆ నిబంధనలోనే చరిత్రకారుడి ప్రాణం లేచివచ్చే ఏర్పాటు మరొకటి ఉంది. ఒకరికి ఎక్కడ పెళ్లయినా ఆ సమాచారం వారికి జ్ఞానస్నానం ఇచ్చిన విచారణకు చేరాలి, అక్కడి పుస్తకంలో వారి పేరు పక్కన అంచులో ఎక్కాలి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), గురుపట్టం, మఠంలో శాశ్వత మాటపట్టు కూడా అక్కడికే చేరాలి. అంటే ఒక మనిషి ఎంత దూరం వలస పోయినా అతని జీవితంలోని పెద్ద మలుపులు పుట్టిన ఊరి పుస్తకానికి తిరిగి వస్తూనే ఉంటాయి.

కొన్నేళ్ల క్రితం మా మేనత్త జ్ఞానస్నాన ధ్రువపత్రం కోసం డెల్టాలోని ఒక పల్లె విచారణకు వెళ్లాను. ఆ పుస్తకం దొరకడానికి రెండు పూటలు పట్టింది. బీరువాలో లేదు, పూజ సామాను గదిలో పాత తివాచీల కింద ఉంది. అట్ట ఊడిపోయింది, కింది అంచు చెదలు తిన్నది. గడులన్నీ లాటిన్‌లో ఉన్నాయి. మా ఊరి పేరును ఆ విదేశీ గురువు తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. రెండుసార్లు గట్టిగా చదివితే గాని అది మా ఊరేనని తెలియలేదు. తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు. అంచులో వేరే సిరాతో, వేరే చేతిరాతతో, మా మామయ్య పేరు, తేదీ, ‘బెజవాడ’ అన్న ఒక్క మాట. మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్న వలస కథంతా బొటనవేలంత జాగాలో ఉంది. మరో రెండు వానాకాలాలు అలాగే వదిలేస్తే చెదలు ఆ వరుస దాకా వచ్చేవి.

గుణదల లాంటి శివారు విచారణ చరిత్రకు అసలు ముడిసరుకు ఇలాంటి అంచుల్లోనే ఉంది. వివాహాల పుస్తకం తీసుకుని వధూవరుల సొంత విచారణలను పదేళ్లకొక దొంతరగా పేర్చితే, నగరం ఏ పల్లెల నుంచి నిండిందో పటం గీయవచ్చు. జనాభా లెక్కలు జిల్లాల స్థాయిలో చెప్పేదాన్ని ఈ పుస్తకాలు ఊరి పేరుతో, ఇంటి పేరుతో చెప్పగలవు. 1977 నవంబర్ ఉప్పెన తరువాత దివిసీమ నుంచి ఎన్ని కుటుంబాలు వచ్చి ఈ అంచున నిలదొక్కుకున్నాయి? ఆటోనగర్ కుర్రవాళ్లు పెళ్లి సంబంధాలు ఏ తరం దాకా సొంత ఊళ్ల నుంచి తెచ్చుకున్నారు, ఏ తరం నుంచి పక్క వీధిలో చేసుకున్నారు? వలస వచ్చినవాడు ఊరివాడు ఎప్పుడయ్యాడన్న ప్రశ్నకు ఇంతకన్నా నమ్మదగిన జవాబు మరో చోట ఉంటుందని నేను అనుకోను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని తప్పించుకుని ఈ సంగతి మాట్లాడడం న్యాయం కాదు. తెలుగు క్యాథలిక్ సమాజంలో అత్యధికులు దళితులు. గుంటూరు ప్రాంతంలోని ఫిరంగిపురం, రెంటచింతల లాంటి చోట్ల రెడ్ల కుటుంబాలు, మరికొన్ని చోట్ల కమ్మవారు కూడా తరాలుగా క్యాథలిక్కులే అయినా, సంఖ్యాబలం దళితులదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. దళిత క్రైస్తవులకు ఇక్కడ దక్కింది వెనుకబడిన తరగతుల్లో ‘సీ’ విభాగం (బీసీ-సీ) కింద 1 శాతం కోటా. అందువల్ల ఎన్నో ఇళ్లలో మనిషికి రెండు పేర్లు ఉంటాయి. జ్ఞానస్నాన పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో మరొకటి. కులం పేరుతో పడిన దెబ్బ మతం మారినంత మాత్రాన ఆగలేదని సొంత అనుభవంతో తెలిసినవాళ్లు, బిడ్డల చదువు కోసం చేసుకున్న ఏర్పాటది. వారిని తప్పుపట్టే మనసు నాకు లేదు.

కాబట్టి ఏ పుస్తకం ఒక సమాజానికి చరిత్ర ఇస్తుందో ఆ పుస్తకమే రేపు ఆ సమాజంలోని ఒక కుటుంబం మీద సాక్ష్యంగా నిలబడగలదు. విచారణ గురువులు పాత పుస్తకాలు బయటి మనిషికి చూపించడానికి వెనకాడుతున్నారంటే దానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకోకూడదు; గొర్రెలకాపరికి ఉండవలసిన భయం అందులో ఉంది. ఆ భయాన్ని గౌరవిస్తూనే పుస్తకాలను కాపాడవచ్చు. కాపాడడం వేరు, తెరిచి పెట్టడం వేరు. ముందు ప్రతి పుటనూ ఫొటో తీసి మేత్రాసనంలో ఒక ప్రతి, విచారణలో ఒక ప్రతి ఉంచాలి. కాగితాన్ని చెద నుంచి, చెమ్మ నుంచి, సెల్లో టేపు నుంచి రక్షించాలి. సొంత కుటుంబం వివరాలు అడిగినవారికి అంతవరకే ఇవ్వాలి. జీవించి ఉన్నవారెవరూ లేని కాలపు పుస్తకాలనే పరిశోధకులకు చూపాలి, అది కూడా పేర్లు బయట పెట్టకుండా ఊళ్లు, సంవత్సరాలు, వృత్తులు మాత్రమే వాడుకుంటామన్న షరతు మీద. ఇందుకు కోట్లు అక్కర్లేదు. ఒక మంచి కెమెరా, ఓపికగల ఇద్దరు యువకులు, మేత్రాసనం నుంచి ఒక ఉత్తరం చాలు. తిరునాళ్లలో ఆడియో సెట్లకూ విద్యుద్దీపాలకూ పెట్టే ఖర్చులో అది లెక్కలోకి రాదు.

పుస్తకాల్లో లేనిది మనుషుల దగ్గర ఉంది, అది ఇంకా తొందరగా పోతోంది. రెండవ వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. దాని తరువాతే పూజ పూర్తిగా తెలుగులోకి వచ్చింది. లాటిన్ పూజకు బదులు చెప్పడం నేర్చుకున్న పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటాయి. గురువు నెలకొకసారి మాత్రమే రాగలిగిన కాలంలో ప్రార్థన నడిపి, పిల్లలకు జపాలు నేర్పి, చావుబతుకుల్లో తోడున్నది ఉపదేశులు, అంటే గురువులు కాని మతబోధకులు. శిలాఫలకాల మీద పీఠాధిపతుల పేర్లు, గురువుల పేర్లు ఉంటాయి. సైకిలు మీద సంచి తగిలించుకుని శివారంతా తిరిగిన ఉపదేశి పేరు చెక్కిన ఫలకం నేనింతవరకు చూడలేదు. ఆయన భార్య పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంటింటి విచారణలో సగం ఆమె చేసినదే అయినా.

శివారు నగరమయ్యాక ఈ పని మరింత కష్టమైంది. పల్లె విచారణలో గురువుకు ప్రతి గడపా తెలుసు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తున అద్దెకు దిగిన క్యాథలిక్ కుటుంబం గుడికి వచ్చి తానుగా చెప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. ఏడాదిన్నరకొకసారి ఇల్లు మారే కుటుంబాన్ని ఏ కుటుంబ పుస్తకం పట్టుకోగలదు? వాళ్లలో కొందరు ఇంటి పక్క మేడ మీద జరిగే ప్రార్థన కూటానికి అలవాటు పడతారు. అక్కడ పేరు పెట్టి పిలిచేవారు, జ్వరమొస్తే ఇంటికొచ్చి ప్రార్థించేవారు ఉంటారు. దీన్ని సిద్ధాంతాల తగవుగా చూసేవారున్నారు. నాకైతే విచారించేవారి దగ్గరికి మనిషి నడిచి వెళ్లాడనే అనిపిస్తుంది. వీధికి పది పదిహేను ఇళ్లుగా నడిపే చిన్న క్రైస్తవ సమాజాలు బలంగా ఉన్న విచారణల్లో ఈ వలస తక్కువగా ఉండడం నేను గమనించాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు, ఏ మేడ మీద ఏ ముసలమ్మ ఒంటరిగా ఉందో పేరుతో సహా చెప్పగలిగే మనిషి వీధికొకరు ఉండడం ఎంత విలువైనదో నగరమంతటికీ తెలిసివచ్చింది.

గుణదల కొండ మీద స్వరూపం నిలిచి నూరేళ్లు నిండాయి. ఇలాంటి సందర్భాల్లో వచ్చే స్మారక సంచికలు ఎలా ఉంటాయో మనకు తెలుసు: సందేశాలు, పట్టుబట్టల్లో తీసిన ఫొటోలు, దాతల జాబితా, ప్రకటనలు. ఈసారి వేసే పుస్తకంలో నలభై పుటలు వేరే పనికి కేటాయించమని విచారణ సలహా మండలిలో ఉన్న పెద్దలను కోరుతున్నాను. మొదటి పుటలో అనాథాశ్రమం పిల్లలు రావాలి. ఆ తరువాత ఈ విచారణలో పెళ్లి చేసుకున్నవారు ఏ ఊళ్ల నుంచి వచ్చారో చూపే కృష్ణా డెల్టా పటం, ఉపదేశుల పేర్లు, వారి భార్యల పేర్లు, లాటిన్ పూజ గుర్తున్న పదిమంది చెప్పిన మాటలు వారి మాటల్లోనే. ఆ పదిమందిలో ఇద్దరు నాకు తెలుసు. ఒకావిడకు చూపు తగ్గింది గానీ పల్లవి ఎత్తితే లాటిన్ పాట మొత్తం పాడుతుంది. ఆవిడ దగ్గరికి ఫోనులో రికార్డరు పెట్టుకుని వచ్చే ఆదివారం పూజ అయ్యాక వెళ్లినా పని మొదలైనట్టే.