మొదటి స్లైడులో సముద్రం

ఔట్‌సోర్సింగ్ కంపెనీలు విశాఖపట్నానికే ఎందుకు రావాలంటే, పెట్టుబడుల సదస్సుల్లో వేసే పవర్‌పాయింట్లు తిరుగులేని జవాబు ఎప్పుడో కనిపెట్టేశాయి. మొదటి స్లైడులో సముద్రం. రెండో స్లైడులో అదే సముద్రం, ఈసారి డ్రోన్ నుంచి. సీటు అద్దె, జీతాలు, ఇంగ్లీషు వచ్చిన డిగ్రీ పిల్లలు వగైరా అల్ప విషయాలు ఏడో స్లైడు దాకా తలెత్తవు. అమెరికాలో ఇన్సూరెన్సు క్లెయిము తిరగ్గొట్టించుకున్నవాడి ఫోను ఎత్తడానికి బంగాళాఖాతం ఎంత అవసరమో పెద్దలకు తెలియదా!

(రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను ఐటీ కంపెనీ టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి 2025లో మంత్రివర్గం ఒప్పుకుంది. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011లోనే చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి బిళ్ల పోగా మిగిలిన 49 పైసలు ఏ నాణెంతో కడతారో ఖజానా వాళ్ళే చెప్పాలి.)

సరే, ఆ సముద్రం కాల్ సెంటర్లో ఏం పని చేస్తుందో చూద్దాం. బిల్డింగుకు అద్దాలుంటాయి. లోపల బ్లైండ్లు దించేసి ఉంటాయి, స్క్రీన్ల మీద కస్టమర్ల కార్డు నంబర్లుంటాయి కనక. సెల్లు లాకర్లో, పెన్నూ కాగితం బయట. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 7.30. తొమ్మిది గంటల షిఫ్టు దిగేసరికి తెల్లవారుజాము 3.30 లేదా 4.30. అప్పుడూ సముద్రం ఉంటుంది, నల్లగా. గాజువాక క్యాబు ఎలాగూ హైవే మీదే పోతుంది.

పోనీ, కబుర్లకైనా పనికిరావాలి కదా. రీఫండు స్క్రీను తెరుచుకోడానికి నలభై సెకన్లు పడుతుంది. అంతసేపు నోరు మూసుకుంటే 'డెడ్ ఎయిర్' అని క్వాలిటీ వాళ్ళు మార్కులు కోస్తారు. అవతల ఒహాయో ముసలాయన "మీ దగ్గర వాతావరణం ఎలా ఉందమ్మా?" అంటాడు. పిల్ల చుట్టూ చూస్తుంది. బ్లైండ్లు. నెత్తి మీద ఏసీ. "చల్లగా ఉంది సర్" అంటుంది. మే నెల, బయట ఉక్కకు సెక్యూరిటీ గార్డు చొక్కా పిండుకుంటున్నాడు. "అదృష్టవంతులు! సముద్రం దగ్గరా?" అంటాడాయన. అవునందా, ఆయన చేపల వేట కథ ఎత్తుకుంటాడు, ఏహెచ్‌టీ (కాల్‌కు పట్టే సగటు సమయం) ఆరు నిమిషాలు దాటుతుంది, టీఎల్, అంటే టీమ్ లీడరు, వచ్చి వెనక నిలబడతాడు. కాదందా, అబద్ధం. "ఇంకేమైనా సాయం కావాలా సర్" అని స్క్రిప్టు చివరి లైనుకు దూకేస్తుంది. రాష్ట్ర పారిశ్రామిక విధానపు ఆయువుపట్టును నలభై సెకన్లలో దాచేసిన ఘనత ఆమెది.

సముద్రం నిజంగా పనిచేసేది మేడ మీద. ఉప్పుగాలికి ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల అల్యూమినియం రేకులు తెల్లగా పొడిబారి రాలిపోతాయి. కండెన్సరు వేడి వదల్లేదు, కంప్రెసర్ ట్రిప్పవుతుంది, సర్వర్ రూము ఉడుకుతుంది. కోటింగున్న కాయిల్స్ కొనాలి, తరచూ మంచినీళ్ళతో కడగాలి. ఖర్చు తగ్గించే నిపుణులు ముందు తగ్గించేవి ఈ రెండే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరి కరెంటునూ ఫోన్లనూ ఊడ్చుకుపోయింది. అందుకే క్లయింటుకిచ్చే బీసీపీ (విపత్తొచ్చినా పని ఆగకుండా వేసుకునే ప్రణాళిక) కాగితంలో ఇదే సముద్రం 'ప్రమాదాలు' గడిలో కూచుంటుంది. స్లైడులో అందం, కాగితంలో గండం.

ఇక అసలు సంగతి. చాలా ఫ్లోర్లలో లాగిన్ 6.30 అంటే 6.15కే సీట్లో ఉండాలి. సిస్టం లేచి, వీపీఎన్ కలిసి, నాలుగు అప్లికేషన్లు తెరుచుకుని, కాల్స్ కలిపే డయలర్ పచ్చగా మారేదాకా పావుగంట. దానికి జీతం లేదు. నెలకు 22 షిఫ్టులైతే ఐదున్నర గంటలు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాత్రం అడ్హెరెన్సు (టైముకు సీట్లో ఉన్నారా అనే లెక్క) కోత. షిఫ్టయ్యాక క్యాబులో తోడొచ్చే ఎస్కార్టు గార్డు రాలేదని ఆడపిల్లల్ని లాబీలో గంట కూచోబెడతారు, అదీ లెక్కలోకి రాదు. ఇది దొంగతనం. సిగ్గులేని దొంగతనం. కంప్యూటరు లేవడం పని కాదట! మరి కంప్యూటరు లేవకుండా కాల్ ఎత్తి చూపించండి.

ఏడో స్లైడులో 'తక్కువ మానవ వనరుల ఖర్చు' అని ఉంటుంది చూడండి, ఆ తక్కువలో ఈ ఐదున్నర గంటలూ ఉన్నాయి.