ఫార్మసిస్టుల రిజిస్టరు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ రిజిస్టరు గారికి,

మందులివ్వడానికి అర్హత ఉన్న ఫార్మసిస్టుల పేర్లన్నీ తమరిలోనే రాసి ఉంటాయి గనక, మనిషికి కాక పుస్తకానికే రాస్తున్నాను. తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమంగా లేకేం, తమర్ని అడిగే నాథుడెవరు?

ఇవాళ మధ్యాహ్నమంతా తమరి ఆఫీసు వరండాలోనే గడిచింది. వేరే రాష్ట్రానికి మారుతున్నాను. అక్కడి రిజిస్టరులో నా పేరు ఎక్కాలంటే ఇక్కడి నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ కావాలి, దాంతోపాటు నా మీద ఏ కేసూ లేదని గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి. "రండమ్మా, రెడీగా ఉంటుంది" అని ఫోన్లో చెప్పారు. తీరా వెళితే సంతకం పెట్టాల్సినవారు మీటింగులో ఉన్నారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్లో పూర్తిగా ఉంది, కాబట్టి ఆ ఇద్దరూ నేనేనని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. రెఫ్రెషర్ కోర్సు జిరాక్సు మసగ్గా ఉందన్నారు. తమరి వెబ్‌సైటు డబ్బులు కట్ చేసుకుంది గానీ రసీదు ఇవ్వలేదు. ఇవన్నీ మాకు అలవాటే. వీటి కోసం ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే షాపులో మందులెవరిస్తారు?

నాతో ఈ ఉత్తరం రాయించింది వేరే. చంకలో ఫైళ్ళ కట్టతో ఒకాయన వచ్చాడు. అన్నీ ఫార్మసిస్టుల రిజిస్ట్రేషన్ రెన్యువల్సే. ఆయన మాత్రం ఫార్మసిస్టు కాదు. ఆ ఫైళ్ళ తాలూకు మనుషుల్లో ఒకతను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడట, ఒకావిడ పెళ్ళయి దుబాయ్ వెళ్ళిందట. దాపరికమేమీ లేదు, నవ్వుతూ ఆయనే చెప్పాడు. నా కుర్చీ వేడెక్కేలోపే కట్ట మొత్తం అయిపోయింది. మనుషులు రాకపోయినా కాగితాలకు పనైపోయింది. కాగితాలతో సహా వచ్చిన నన్ను మాత్రం రేపు రమ్మన్నారు.

ఆ ఫైళ్ళ తాలూకు ఫార్మసిస్టు సర్టిఫికెట్లు ఇప్పుడు ఎక్కడున్నాయో తమరికి తెలియదనుకోను. మెడికల్ షాపుల్లో ఫ్రేము కట్టించుకుని, దేవుడి పటం పక్కన వేలాడుతున్నాయి. నెలకింతని అద్దె తెస్తున్నాయి. "మీరు రానక్కర్లేదమ్మా, సర్టిఫికెట్ పెడితే చాలు" అని నన్నూ అడిగారు. వచ్చి పనిచేస్తానంటే వాళ్ళ మొహాలు మాడిపోయాయి. మనిషొస్తే జీతమివ్వాలి కదా!

అయ్యా రిజిస్టరూ, మీరు పుట్టింది 1948 ఫార్మసీ చట్టంలో. దాని 29వ సెక్షన్లో మీలో ఏమేం రాయాలో ఉంది. పేరు, ఇంటి అడ్రసు, చదువు, మొదట చేరిన తేదీ. వాటితోపాటు వృత్తి చేసే చోటు, ఎవరి దగ్గరైనా ఉద్యోగమైతే ఆ యజమాని పేరు కూడా. అంటే ఫార్మసిస్టు ఎక్కడ పనిచేస్తున్నాడో మీకు తెలియాలనే ఆ గడి పెట్టారు. ఆ గడిని ఎప్పుడైనా చదువుకున్నారా? పక్కన ఫోన్ పెట్టుకుని ఒక్క షాపుకైనా చేసి, "మీ ఫార్మసిస్టుని ఒకసారి పిలవండి" అని అడిగారా? నా ఇంటిపేరులో పొడి అక్షరాన్ని పట్టుకున్న కళ్ళకు, దుబాయ్‌లో ఉన్న మనిషి ఇక్కడి షాపులో రోజూ మందులిస్తోందన్న సంగతి కనపడలేదా?

డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు ఫార్మసిస్టు చేతుల మీదుగానో, స్వయానా ఆయన పర్యవేక్షణలోనో వెళ్ళాలని 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చెబుతోంది. స్వయానా అంటే ఫ్రేములోంచి చూస్తూ ఉండమని కాదు. ఫీజు కట్టకపోతే పేరు కొట్టేయడానికి 34వ సెక్షన్ ఉంది, అది గడియారంలా పనిచేస్తుంది. తప్పు చేస్తే పేరు తీసేయడానికి 36వ సెక్షన్ కూడా ఉంది. అదెందుకో ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. అద్దెకిచ్చినవాడు ఫీజు సమయానికి కడతాడు గనక, నాకు రేపు ఇస్తామన్న ఆ గుడ్ స్టాండింగ్ వాడికి ఈరోజే దొరుకుతుంది.

నిన్న రాత్రి షాపు మూసే వేళ ఒకామె పిల్లాడి జ్వరానికి పారాసెటమాల్ కోసం వచ్చింది. నెలల పిల్లాడు. ఇంట్లో పెద్దమ్మాయికి వాడిన సిరప్ ఉందట, అదే చెంచాడు పట్టొచ్చా అని అడిగింది. సీసా మీద చూస్తే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములని ఉంది. వద్దన్నాను. పిల్లాడి బరువెంతో అడిగి, చుక్కల మందు ఇచ్చి, డ్రాపర్ మీద గీత పెట్టి చూపించాను. పక్క వీధిలో కూడా ఒక షాపుంది. అక్కడ గోడ మీద బీఫార్మసీ ఉంది, కౌంటర్లో ఇంటర్ ఫెయిలైన కుర్రాడున్నాడు. వాడి తప్పేం లేదు, చెప్పిన పని చేస్తున్నాడు. ఆమె అటు వెళ్ళి ఉంటే వాడేం చెప్పేవాడు? నువ్వు చెప్పు. నీలో పేరున్నవాడెవడూ ఆ సమయానికి అక్కడ లేడు. ఉన్నాడని నువ్వు రాసిచ్చావు. సిగ్గనిపించదా నీకు?

శిక్షణ లేని చేతుల్లో మందులు పెట్టకూడదని 1930-31లోనే మందుల వ్యవహారం మీద ప్రభుత్వం వేసిన చోప్రా కమిటీ చెబితే, అలా చెప్పగా చెప్పగా పుట్టావు. నీలో పేరు ఎక్కిన రోజు మా నాన్న వీధంతా చెప్పుకున్నాడు. ఆ మర్యాద కొద్దీ ఇంకా రెన్యువల్ కడుతున్నాను.

రేపు పదిన్నరకి అఫిడవిట్‌తో వస్తాను. గుడ్ స్టాండింగ్ కవరు సీలు వేసి నా చేతికిస్తారో, నేరుగా ఆ రాష్ట్రపు ఫార్మసీ కౌన్సిల్‌కి పోస్టులో పంపుతారో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఎవరైనా ఫోన్ ఎత్తి ఆ ముక్క చెబితే మహోపకారం.

ఇట్లు,
పేరు, అడ్రసు, యజమాని పేరు అన్నీ నీ దగ్గరే ఉన్నాయి. చూసుకో.